పాటల పనికి సిస్టమ్ కొనేముందు

(ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్నవాళ్లు, కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, సౌండువాళ్ల మీటింగులో సౌండు లేదంటే మన పరువే పోతుంది.

నాకొచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఐ7 తీసుకోవాలా, ఐ5 సరిపోతుందా?" రెండోది, "ర్యామ్ ఎంత వేయించమంటావు?" అంతే, మూడో ప్రశ్న ఉండదు. ఫోన్ పెట్టేసి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లిపోతారు. అక్కడ షాపతను ఏం పని చేస్తారండీ అని అడుగుతాడు, వీళ్లు "పాటలు చేస్తాం, హెవీ సాఫ్ట్‌వేర్ వాడతాం" అంటారు. హెవీ అనే మాట చెవిన పడగానే అతను గేమింగ్ లాప్‌టాప్ చేతిలో పెడతాడు. అతని తప్పేం లేదు, ఆయనకి తెలిసిన హెవీ అదే. ఇంటికి తెచ్చి, ప్రాజెక్టు తెరిచి, కీబోర్డు మీద నాలుగు స్వరాలు వాయించేసరికి స్పీకర్లో చిటపట చిటపట. ఇంత డబ్బు పోశాం కదా, ఎందుకిలా అని మళ్లీ నాకే ఫోను.

అందుకని ఇవాళ మోడల్ నంబర్లు చెప్పను. చెప్పినా ఆరు నెలలకి పాతబడతాయి. పాట పనిలో కంప్యూటరు అసలేం చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, అది చెబుతాను. అది తెలిస్తే ఏది కొనాలో మీరే తేల్చుకుంటారు.

ముందు నన్నొకటి అడగనివ్వండి. ఇక్కడ వాయిస్ రికార్డింగ్ మాత్రమే చేసేవాళ్లు ఎంతమంది? అంటే ట్రాకు ఎవరో పంపిస్తారు, మీరు సింగర్ని కూర్చోబెట్టి పాడించి, కాస్త మిక్స్ చేసి పంపేస్తారు. సరే, చాలామందే ఉన్నారు. కీబోర్డు పట్టుకుని మొత్తం పాట సిస్టమ్‌లోనే కట్టేవాళ్లు? తీగ వాయిద్యాలు, ఫ్లూటు, డోలక్, డప్పు, అన్నీ ప్లగిన్లతోనే, అంటే పాటల సాఫ్ట్‌వేర్ లోపల తగిలించుకునే చిన్న ప్రోగ్రాములతోనే? ఓహో, అసలు గుంపు ఇక్కడుంది. మిక్సింగ్ మాత్రమే చేసేవాళ్లు? ముగ్గురు, నలుగురు. చూశారా, ఈ మూడు పనులూ మూడు రకాలు. మొదటి పనికి పాత లాప్‌టాప్ కూడా చాలు. రెండో పనికి అది చాలదు. కానీ మీరందరూ ఫోన్లో నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఒకటే!

మిడి, అంటే కీబోర్డు మీద ఏ మీట నొక్కారో ఇంకో కీబోర్డుకో కంప్యూటరుకో చెప్పే భాష, దాని సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. మిడి అంటే భారం అనుకుంటారు చాలామంది. అసలు భారమే లేదండీ దానికి. 1983 జనవరిలో అమెరికాలో నామ్ షో అనే వాయిద్యాల ప్రదర్శనలో, సీక్వెన్షియల్ వాళ్ల ప్రాఫెట్ 600, రోలాండ్ వాళ్ల జూపిటర్ 6, రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డుల్ని ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది మోగేలా చూపించారు. అప్పటి వేగమే ఆ ఐదు పిన్నుల తీగకి ఈరోజుకీ. సెకనుకి 31,250 బిట్లు. ఒక స్వరం నొక్కితే వెళ్లేది మూడు బైట్లు, అది తీగలో ప్రయాణం చేయడానికి దాదాపు ఒక మిల్లీసెకను. ఏ స్వరం, ఎంత గట్టిగా, ఏ ఛానెల్, అంతే సమాచారం. శబ్దం అనేదే లేదందులో. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ అనే కంప్యూటర్లో 8 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, అర మెగాబైటు ర్యామ్. దాని ఒంట్లోనే మిడి పోర్టులు ఉండేవి, స్టూడియోల్లో ఏళ్ల తరబడి దానిమీద సీక్వెన్సింగ్, అంటే వాయించిన మిడిని దాచి మళ్లీ మోగించే పని, చేశారు. మీ జేబులో ఉన్న ఫోను దానికి ఎన్ని వేల రెట్లో మీరే లెక్కేసుకోండి.

ఒక్క చోట మాత్రం మిడి తీగ ఇరుకనిపిస్తుంది, అది మనవాళ్లకి బాగా తెలియాలి. వీణ టోనో, నాదస్వరం టోనో పెట్టుకుని గమకాలు పలికించాలంటే స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ వీల్ తిప్పుతూనే ఉంటాం కదా. ఆ వీల్‌కి 16,384 మెట్లున్నాయి, కాబట్టి నునుపు బాగానే వస్తుంది. కానీ వీల్ కదిలిన ప్రతిసారీ ఒక మెసేజ్, మెసేజ్‌కి మూడు బైట్లు. పాత ఐదు పిన్నుల తీగలో సెకనుకి దాదాపు వెయ్యి మెసేజ్‌లే పడతాయి. ఆ తీగలోనే ఒకేసారి నొక్కిన పది స్వరాలు, పెడలు, ఇంకో ట్రాకు ఎక్స్‌ప్రెషనూ కలిస్తే స్వరాలు ఒకదాని వెనక ఒకటి క్యూ కడతాయి. యూఎస్‌బీ తీగతో కలిపితే ఆ ఇబ్బంది పోతుంది. దీనికి ప్రాసెసరుకీ సంబంధం లేదు, ర్యామ్‌కీ లేదు. సరే, మిడి అయిపోయింది.

మరి భారం ఎక్కడ? ఆ మూడు బైట్లు చూసి, "ఓహో, మ, గట్టిగా" అనుకుని, ఆ శబ్దాన్ని పుట్టించాలి చూడండి, అక్కడ.

మామూలుగా మనం 48 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తాం అనుకుందాం. అంటే సెకనుకి 48,000 శాంపిళ్లు, శబ్దాన్ని కొలిచిన అంకెలు. సాఫ్ట్‌వేరు వాటిని ఒక్కొక్కటిగా పంపదు, కట్టలు కట్టి పంపుతుంది. ఆ కట్టే బఫరు. సెట్టింగ్సులో మీరు చూసే 64, 128, 256, 512 అవే. బఫరు 256 పెట్టారనుకోండి, 256ని 48,000తో భాగిస్తే 5.3 మిల్లీసెకన్లు. అంటే ఆ 5.3 మిల్లీసెకన్లలో మీ పాటలో ఉన్న అన్ని ట్రాకులూ, అన్ని ప్లగిన్లూ, రివర్బులూ లెక్కలు ముగించి, తర్వాతి కట్ట తయారు చేసి ఇంటర్‌ఫేస్‌కి, అంటే మైకునీ స్పీకర్లనీ కంప్యూటరుకి కలిపే పెట్టెకి, అందించాలి. మళ్లీ 5.3 మిల్లీసెకన్లకి ఇంకో కట్ట. మళ్లీ ఇంకోటి. పాట అయ్యేదాకా సెకనుకి 187 సార్లు.

పెళ్లి భోజనాల్లో వడ్డన చూడండి. పంక్తిలో ఎవరి విస్తరీ ఖాళీ కాకముందే అన్నం బేసిన్ రావాలి. వంటింట్లో వంద మందికి సరిపడా వండి ఉంది నిజమే, కానీ వడ్డించేవాడు రెండు నిమిషాలు ఎవరితోనో కబుర్లలో పడితే తినేవాడు చెయ్యి కడుక్కోవాలా, కూర్చోవాలా? గుండిగలో ఎంతుందనేది అప్పుడెవరికి కావాలి? మన చిటపట కూడా అంతే. కట్ట సమయానికి రాలేదు, ఇంటర్‌ఫేస్ దగ్గర పంపడానికి ఏమీ లేదు, టిక్ మంది.

ఇప్పుడు చూపిస్తాను, చూడండి. స్క్రీను కనపడుతోందా? ఇందులో పన్నెండు ట్రాకులున్నాయి, అన్నీ ప్లగిన్ వాయిద్యాలే. బఫరు 1024 పెట్టాను. వినండి, శుభ్రంగా ఉంది. ఇప్పుడు నేను కీబోర్డు మీద నొక్కుతున్నాను, నా వేలు చూడండి, శబ్దం ఎప్పుడొస్తుందో వినండి. ఆలస్యం తెలుస్తోంది కదా? 1024 అంటే ఒక్క కట్టే 21 మిల్లీసెకన్లు. ఇలా డోలక్ వాయించమంటే ఎవరైనా నన్ను తిడతారు. ఇప్పుడు 128కి దించుతున్నాను. ఇప్పుడు వేలికీ శబ్దానికీ తేడా లేదు, హాయిగా ఉంది. ఇక 32. విన్నారా ఆ చిటచిటలు? ఇప్పుడిటు చూడండి, ఇది టాస్క్ మేనేజర్. సీపీయూ ఎంత చూపిస్తోంది? 30 శాతం దాటలేదు! మరి 70 శాతం ఖాళీగా ఉండగా శబ్దం ఎందుకు చిరిగింది?

ఇదే అందరూ పొరపడే చోటు. టాస్క్ మేనేజర్ చూపించేది ఒక సెకను పాటు, అన్ని కోర్లూ కలిపి, సగటు. మనకి ఇచ్చిన గడువు 32 బఫరులో 0.67 మిల్లీసెకను. ఆ సెకనులో ఎక్కడో రెండు మిల్లీసెకన్లు ప్రాసెసర్ వేరే పనిలో ఇరుక్కుంటే సగటులో అది కనపడనే కనపడదు. చెవికి మాత్రం టక్కున దొరికిపోతుంది. అందుకే మీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఆడియో మీటరు చూడండి, టాస్క్ మేనేజర్ కాదు. క్యూబేస్‌లో, రీపర్‌లో, స్టూడియో వన్‌లో, అన్నిట్లో ఉంటుంది, ఒక్కోదాంట్లో ఒక్కో పేరు.

మరి లేటెన్సీ, అంటే ఈ ఆలస్యం, ఎంతుంటే ఫరవాలేదు? గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు వెళ్తుంది. కాబట్టి పది మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకరు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. స్టేజీ మీద డ్రమ్మరుకి మీరు అంతే దూరంలో నిలబడి వాయిస్తారు, ఇబ్బంది లేదు. కీబోర్డు వాయించడానికి అంత దాకా ఒప్పుకోవచ్చు. సింగర్ దగ్గరకొచ్చేసరికి కథ మారుతుంది. తన గొంతు ఎముకల గుండా లోపల్నించి ఒకసారి, హెడ్‌ఫోన్లో కాస్త ఆలస్యంగా ఇంకోసారి వినపడుతుంటే శ్రుతి కుదరడం లేదంటారు, ఏదో డబ్బాలో ఉన్నట్టుంది అంటారు. పాపం వాళ్లకి కారణం తెలీదు, మనకి తెలియాలి. అక్కడ బఫరు తగ్గించనక్కర్లేదు, ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ బటన్ ఉంటుంది చూడండి, అది నొక్కండి. గొంతు కంప్యూటరు లోపలికి వెళ్లకుండానే సింగర్ చెవికి చేరుతుంది. వాయిస్ రికార్డింగ్ మాత్రమే చేసే మీకు, ఇందాక చేతులెత్తారే, మీకు పాత సిస్టమ్ చాలన్నది ఇందుకే.

ఇప్పుడు ప్రాసెసర్. ఎన్ని కోర్లు, అంటే లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాలు ఎన్ని, అని అడుగుతారు. కోర్లు కావాలి, కాదనను. ఒక్కో ట్రాకుని ఒక్కో కోరుకి పంచుకుంటుంది సాఫ్ట్‌వేరు. కానీ ఒక ట్రాకు మీద మీరు వాయిద్యం, దాని తర్వాత ఈక్యూ, దాని తర్వాత కంప్రెసర్, తర్వాత రివర్బ్, ఇలా శబ్దాన్ని మార్చే ప్లగిన్లు వరసగా పెడితే, వాటిని నలుగురు పంచుకోలేరు. ఈక్యూ అయితేగానీ కంప్రెసర్ మొదలవదు. ఆ వరసంతా ఒకే కోరు మోయాలి. చివర్లో అన్ని ట్రాకులూ మాస్టర్లో కలుస్తాయి, మాస్టర్ మీద మీరు ఎనిమిది ప్లగిన్లు పేర్చి ఉంటారు, నాకు తెలుసు, అదీ ఒకే కోరు మీద. కాబట్టి 16 నెమ్మది కోర్ల కన్నా 6, 8 చురుకైన కోర్లు మనకి మేలు. కొనేముందు సింగిల్ కోర్ స్కోరు, అంటే ఒక్క కోరు ఎంత చురుకో చెప్పే అంకె, చూడండి. ఐ5, ఐ7 అన్న పేరు చూసి కొనకండి, ఎందుకంటే ఒక ఐ5 తనకన్నా నాలుగేళ్ల పాత ఐ7ని చాలాసార్లు సునాయాసంగా దాటేస్తుంది. ఇంటెల్‌లో 12వ జనరేషన్ నుంచి చాలా మోడళ్లలో రెండు రకాల కోర్లు కలిపి వస్తున్నాయి, బలమైనవీ, కరెంటు తక్కువ తినేవీ. పాత విండోస్ 10తో అవి కొన్నిసార్లు సరిగా పొసగవు, ఆడియో పని వెళ్లి చిన్న కోరు మీద పడుతుంది. అలాంటి ప్రాసెసర్ ఉంటే విండోస్ 11 వేసుకోండి.

లాప్‌టాప్ కొనేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. డబ్బా మీద రాసే 4.7 గిగాహెర్ట్జ్ అనేది కాసేపటి వేగం. వేడెక్కగానే కిందికి దిగుతుంది. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో, ఏసీ లేని గదిలో, పైగా మైకులో పడుతుందని ఫ్యాను కూడా ఆపేసి, పరుపు మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తే అది ఎంతసేపు పరిగెడుతుందండీ? పొద్దున బాగా నడిచిన ప్రాజెక్టు మధ్యాహ్నం చిటపటలాడుతోంది అని ఎవరైనా అంటే నేను ముందు గది సంగతి అడుగుతాను. అదే డబ్బుకి డెస్క్‌టాప్ కట్టించుకుంటే పెద్ద హీట్‌సింక్, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు, మైకుకి చప్పుడు ఉండదు, పైగా రేపు ర్యామ్ పెంచుకోవచ్చు. ప్రోగ్రాములకి మోసుకెళ్లాల్సిన పనిలేకపోతే నా ఓటు డెస్క్‌టాప్‌కే.

ర్యామ్‌కి వద్దాం. ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే, ఎక్కువ అవసరమయ్యేదీ ఇక్కడే. ఒక పియానో లైబ్రరీ, అంటే అసలు పియానో శబ్దాలు రికార్డు చేసి పెట్టిన మూట, తీసుకోండి. 88 మీటలు. ఒక్కో మీటనీ మెల్లగా నుంచి గట్టిగా దాకా 16 రకాలుగా రికార్డు చేశారనుకుందాం. 88 ఇంటూ 16, మొత్తం 1,408 శబ్దాలు. ఒక్కోటి 15 సెకన్లు మోగుతుంది అనుకోండి. స్టీరియో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అయితే సెకనుకి 288 కిలోబైట్లు, 15 సెకన్లకి నాలుగు మెగాబైట్ల పైనే. అన్నీ కలిపితే 6 గిగాబైట్లు. ఒక్క పియానోకి! మరి మీ 8 జీబీ లాప్‌టాప్‌లో అది ఎలా తెరుచుకుంటోంది? ఈ లైబ్రరీలని మోగించే కాంటాక్ట్ లాంటి శాంపిలర్ ప్లగిన్లు ఏం చేస్తాయంటే, ప్రతి శబ్దానికీ మొదటి ముక్క మాత్రమే ర్యామ్‌లోకి ఎక్కించుకుంటాయి. ముక్క 60 కిలోబైట్లు అనుకుంటే మొత్తం 84 మెగాబైట్లే. మీరు మీట నొక్కగానే ఆ ముక్క మోగుతూ ఉంటుంది, ఈలోగా మిగతాది డిస్కు నుంచి లాక్కొస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

కానీ దీనికి షరతు ఉంది. ఆ ముక్క అయిపోయేలోపు డిస్కు అందించాలి. పెడలు తొక్కిపట్టి వాయిస్తే వంద శబ్దాలు ఒకేసారి మోగుతుంటాయి. సెకనుకి 29 మెగాబైట్లు. పాత హార్డ్ డిస్కు వరసగా చదివితే సెకనుకి వంద మెగాబైట్లు ఇస్తుంది, సరిపోవాలి కదా? సరిపోదు. ఆ వంద శబ్దాలూ డిస్కులో వంద చోట్ల ఉంటాయి, ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికే పది మిల్లీసెకన్లు. సెకనుకి వంద చోట్లు తిరిగేసరికే దాని పని అయిపోతుంది. ఎస్ఎస్‌డీకి ముల్లూ లేదు, జరగడమూ లేదు, సెకనుకి పదివేల చోట్ల చదవగలదు. అందుకని లైబ్రరీలు ఎస్ఎస్‌డీలోనే ఉండాలి. ఇందులో బేరం లేదు. సాటా అనే మామూలు రకం ఎస్ఎస్‌డీ చాలు, ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం ఉంటే ప్రాజెక్టు త్వరగా తెరుచుకుంటుంది తప్ప చిటపటల్లో పెద్ద తేడా రాదు.

అయితే రికార్డింగ్‌కి మాత్రం డిస్కు వేగం గురించి బుర్ర పాడుచేసుకోకండి. 24 మైకులు ఒకేసారి పెట్టి రికార్డు చేసినా సెకనుకి మూడున్నర మెగాబైట్లే. మనలో ఎవరి దగ్గర 24 మైకులున్నాయండీ? పాత హార్డ్ డిస్కు పారేయకండి, బ్యాకప్‌కి వాడండి. ఎనిమిది ట్రాకులు గంట సేపు రికార్డు చేస్తే 4 జీబీ చిల్లర, ఒక టెరాబైటు డిస్కులో ఎన్ని పాటలు దాచుకోవచ్చో!

ఇంతకీ ర్యామ్ ఎంత? వాయిస్, మిక్సింగ్ మాత్రమే అయితే 16 జీబీ సుబ్బరంగా చాలు. ప్లగిన్ వాయిద్యాలతో పాట కట్టేవాళ్లకి 32. సినిమా బ్యాక్‌గ్రౌండ్ స్కోరు అని చెప్పి ఒక్కో తీగ వాయిద్యానికీ, దాని ఒక్కో వాయింపు తీరుకీ ట్రాకు వేసి, ఆర్కెస్ట్రా మొత్తం టెంప్లేటుగా తెరిచిపెట్టుకునేవాళ్లకి 64, ఆ పైన కూడా. 8 జీబీ కొత్తగా కొనకండి, అంతే. ఒకసారి ర్యామ్ నిండి, విండోస్ సామాన్లు డిస్కులోకి సర్దడం మొదలుపెట్టిందంటే ఏ బఫరూ కాపాడదు. అదే మీ పనికి 20 జీబీ సరిపోతుంటే 64 వేయించినా ఒక్క చిటపటా తగ్గదు, ఆ డబ్బు ఇంటర్‌ఫేస్ మీద పెట్టండి. మ్యాక్ కొనేవాళ్లు ఇంకా జాగ్రత్త, ఎం1 నుంచి ర్యామ్ చిప్‌తోనే కలిపి వస్తుంది, తర్వాత పెంచుకోలేరు. కొన్న రోజు ఎంతుందో ఎప్పటికీ అంతే.

గ్రాఫిక్స్ కార్డు. మనకి దాదాపు పనిలేదు. రెండు స్క్రీన్లు కనపడితే చాలు. లోపలున్న గ్రాఫిక్సే ఎక్కువ. వీడియో ఎడిటింగ్ కూడా చేస్తామంటే అది వేరే లెక్క.

ఇక అసలు దొంగ. ఎవ్వరూ అడగని మూడో ప్రశ్న ఇదే, డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు. విండోస్‌లో ప్రతి పరికరం డ్రైవరూ మధ్యమధ్యలో ప్రాసెసర్ని "ఒక్క క్షణం" అని ఆపుతుంది. వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ, టచ్‌ప్యాడ్, అన్నీ. అవి అడిగినప్పుడు మన ఆడియో పని పక్కకి జరగాల్సిందే, ఏ డ్రైవరైనా ఆ ఒక్క క్షణాన్ని నాలుగు మిల్లీసెకన్లు చేసిందంటే మన కట్ట పోయినట్టే. ఐ9 వేసినా అంతే. ఇందాక చెప్పిన గేమింగ్ లాప్‌టాప్ చిటపట సగం సార్లు ఇదే. లేటెన్సీమాన్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, దించుకుని పది నిమిషాలు నడవనివ్వండి. ఏ డ్రైవరు ఎంతసేపు ఆపుతోందో పేరుతో సహా చూపిస్తుంది. ఇదిగో, ఇందులో నడుస్తోంది చూడండి, పచ్చగా ఉంది. ఇప్పుడు వైఫై ఆన్ చేస్తున్నాను. కాస్త ఆగండి. గీత ఎలా లేచిందో చూశారా? ఈ లాప్‌టాప్‌కి కారణం వైఫై, ఆపేస్తే సరి. మీదానికి ఇంకేదో కావచ్చు. కొత్త లాప్‌టాప్ కొంటే, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే ఈ పరీక్ష పెట్టండి. కొన్నిటికి ఏం చేసినా తగ్గదు, అలాంటిది ఎంత ఖరీదైనదైనా మన పనికి కాదు.

దానితో పాటు పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, యూఎస్‌బీని నిద్రపుచ్చే సెట్టింగు తీసేయండి, రికార్డింగ్ చేసేటప్పుడు ఛార్జరు పెట్టే ఉంచండి. బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి.

ఇంటర్‌ఫేస్ గురించి అనుమానాలు చాలా ఉంటాయి. విండోస్‌లో మనకి కావాల్సింది పాటల సాఫ్ట్‌వేర్ని ఇంటర్‌ఫేస్‌తో నేరుగా కలిపే అసియో డ్రైవరు, స్టైన్‌బర్గ్ వాళ్లు తెచ్చిన పద్ధతి అది. ఇంటర్‌ఫేస్ కంపెనీ తనకోసం తాను రాసుకున్న అసియో డ్రైవరు ఉందా లేదా చూడండి. అసియో ఫర్ ఆల్ అనేది విండోస్ డ్రైవరు మీద వేసిన తొడుగు, లేనిదానికన్నా నయం, అంతవరకే. ఇంకోటి, యూఎస్‌బీ 2 అయితే నెమ్మది, యూఎస్‌బీ 3 ఉన్నదే కొనాలి అంటారు. లెక్క చూడండి. ఎనిమిది ఛానెళ్లు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, కలిపితే సెకనుకి 9 మెగాబిట్ల చిల్లర. యూఎస్‌బీ 2 దారి వెడల్పు 480. ఎక్కడ ఇరుకు? ఇబ్బంది వచ్చేది హబ్బుల దగ్గర. మౌసు, పెన్ డ్రైవు, డాంగిల్, ఇంటర్‌ఫేస్ అన్నీ ఒకే చౌక హబ్బుకి తగిలించకండి. ఇంటర్‌ఫేస్‌కి సొంత పోర్టు ఇవ్వండి.

కరెంటు గురించి చెప్పకపోతే మన ఊళ్లలో ఈ ప్రసంగం పూర్తి కాదు. లాప్‌టాప్ ఛార్జరు పెట్టగానే స్పీకర్లో బుయ్యిమని శబ్దం, తీస్తే పోతుంది. ఎంతమందికి ఉంది? అందరికీ ఉంది! అది కంప్యూటరు లోపం కాదు, ముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి. చాలా అద్దె ఇళ్లలో ప్లగ్గు పెట్టే చోట ఎర్త్ కోసం మూడో కన్ను ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. కీబోర్డు, కంప్యూటరు, స్పీకర్లు అన్నీ ఒకే బోర్డులో పెట్టండి, బయటి రొద పట్టని బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడండి, కీబోర్డుని ఆ కేబుల్‌కి కలిపే డీఐ బాక్స్ పెట్టండి. కొంతమంది ఎర్త్ పిన్ను విరిచేస్తారు, శబ్దం పోయిందని సంతోషపడతారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. సింగరు పెదవి మైకుకి ఆని ఉంటుంది, షాక్ కొడితే అక్కడ కొడుతుంది. ఇన్వర్టర్ ఉంటే సైన్ వేవ్‌ది తీసుకోండి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డు చేస్తే ఆ బుయ్యి శబ్దం మొత్తం వాయిస్‌లో ఉంటుంది.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా సిస్టమ్ ఆయాసపడుతుంటే కొత్తది కొనేముందు ఫ్రీజ్ వాడండి. వాయించడం అయిపోయిన ట్రాకుని ఫ్రీజ్ చేస్తే అది మామూలు ఆడియో అయిపోతుంది, ర్యామూ ప్రాసెసరూ ఖాళీ. వాయించేటప్పుడు బఫరు 128, మిక్స్‌కి వచ్చాక 1024. మిక్స్‌లో ఆలస్యం ఉంటే ఎవరికేం నష్టం? చాలామంది ఒకటే నంబరు పెట్టేసి జీవితాంతం వదిలేస్తారు.

సరే, ప్రశ్నలు. మీరు, చెక్స్ చొక్కా.

96 కిలోహెర్ట్జ్‌లో చేస్తే నాణ్యత పెరుగుతుంది కదా అంటున్నారు. సిస్టమ్ సంగతి వరకు చెబుతాను. లెక్కలన్నీ రెట్టింపు, డిస్కులో జాగా రెట్టింపు, అదే 256 బఫరుకి గడువు సగం. యూట్యూబ్‌కి వెళ్లే పాటకి నేను 48 దాటను. మీ చెవికి తేడా తెలిస్తే, సిస్టమ్ మోస్తే, చేయండి, నేనెందుకు వద్దంటాను.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లా? వినడానికి సరే. వాయించడానికి, పాడటానికి అసలు వద్దు. చాలావాటిలో వంద మిల్లీసెకన్ల పైనే ఉంటుంది ఆలస్యం, ఏ బఫరూ దాన్ని తగ్గించలేదు.

చివర్లో కూర్చున్న తమ్ముడు. నాలుగో జనరేషన్ ఐ5 లాప్‌టాప్, 8 జీబీ, హార్డ్ డిస్కు. చర్చి పాటలు చేస్తాను, కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు అంటున్నాడు. తప్పకుండా పనికొస్తుంది నాయనా. మొదట హార్డ్ డిస్కు తీసి సాటా ఎస్ఎస్‌డీ వేయించు, పాత డిస్కుని కేసులో పెట్టుకుని బ్యాకప్‌కి వాడుకో. ర్యామ్ 16 చెయ్యి, పాత డీడీఆర్3 రకం వాడినవి కోఠీ వైపు దొరుకుతాయి, కాకపోతే నీ దానికి ఏ వోల్టేజీది పడుతుందో చూసుకుని కొను. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో జనరేషన్ నుంచే, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది, కాబట్టి ఆ లాప్‌టాప్‌ని పాటలకే ఉంచు, నెట్టు పనులు ఫోన్లో చేసుకో. రీపర్ లాంటి తేలిక సాఫ్ట్‌వేరు వాడు, బఫరు 256 పెట్టు, ట్రాకు అవగానే ఫ్రీజ్ చెయ్యి. లాప్‌టాప్ తెచ్చావా? సంచిలో ఉందా, మరి తియ్యి. వెనక మూత విప్పి చూద్దాం, ఆ మోడళ్లలో కొన్నిటికి రెండో ర్యామ్ స్లాటు ఉండదు, డబ్బు పెట్టేముందు అది చూసుకోవాలి. ఎవరి దగ్గరైనా చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఉందా?